విట్టవన్ విళుక్కాడు: దానమున దాతకు నిలుచు పాలు

చాకలికి బట్టలిచ్చుట దానమగునా యను ప్రశ్న కారకప్రకరణము చదువు ప్రతి విద్యార్థికి నెదురగునదే. బట్టలు మరల మన యింటికి రావలసినవి గనుక నది దానము గాదనియు, అందుచే సంస్కృతమునఁ జాకలిని దెలుపు పదమునకుఁ జతుర్థి రాక షష్ఠియే వచ్చుననియు వృత్తికారుని మతము ననుసరించువారు చెప్పుదురు. సంప్రదానమను పేరే యన్వర్థమనియు, మరల మనకు రాకుండునట్లు బాగుగ నిచ్చుటయే దాని యర్థమనియు వారి యాశయము. తెలుఁగున నీ చిక్కు కనఁబడదు. చాకలికి బట్టలిచ్చితి మందుము. విప్రునకు గోవు నిచ్చితి మందుము. రెండింటను వచ్చునవి మన వ్యాకర్తలు షష్ఠిలోఁ జేర్చిన కి, కు ప్రత్యయములే. మన భాష యీ భేదమును దాఁచివేసినది.

నే నీ ప్రశ్నను ముప్పది యేండ్లుగ బాలురకుఁ జెప్పుచు వచ్చితిని గాని, దీనికిఁ జరిత్రలోఁ గూడ నొక చోటు కలదని తిరుమల దేవస్థానశాసనసంపుటములను జూచునంతవఱకు నాకుఁ దోఁపలేదు. ఆ శాసనములలో దాత స్వామికి ద్రవ్యము నర్పించును. అర్పించుచునే, యా ద్రవ్యముచే జరుగు నైవేద్యమున నాలవ పాలు తనకు రావలెనని వ్రాయించుకొనును. ఒక్కరిద్దఱు కారు. విజయనగరరాజుల కాలమున వందలకొలఁది దాత లీ తీరుననే యిచ్చిరి. బ్రతికినంతకాలము తామును, పిమ్మటఁ దమ సంతతివారును, లేదా తాము నియమించిన మఱియొకరును ఆ పాలు పుచ్చుకొనుటకు నేర్పాటు చేసికొనిరి. ఇది దానమా, బేరమా? బేరమే యైనచో దానిని గుడిగోడపై నందఱును జదువునట్లు చెక్కించుటకు వారేల సంకోచింపలేదు?

సంపుటములను గుఱించి రెండు మాటలు చెప్పి విషయమునకు వత్తును. తిరుమల, తిరుపతి, తిరుచానూరు దేవాలయములలోని శాసనములు వేయికిఁ బైఁగాఁ గలవు. వీనిని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారును, విజయరాఘవాచార్యులవారును బరిష్కరింపఁగా, దేవస్థానమువారు 1931 మొదలుకొని యాఱు సంపుటములుగఁ బ్రకటించిరి. అధికభాగ మరవమున నున్నవి. తెలుఁగున, కన్నడమునఁ గొన్ని కలవు. అరవశాసనములని మన తెలుఁగు పండితులు వీనిని జిరకాలముగ దూరమున నుంచినారు. ఇది మనకు నష్టము. వీనిలో దాతలుగ నున్నవారు పెక్కుమంది మనవారే. తాళ్లపాకవా రందుఁ బ్రసిద్ధులు.

తిరుమలకు దాన మిచ్చుట విజయనగరకాలమునఁ బుట్టినది గాదు. 966వ సంవత్సరముననే సామవై యను పల్లవవంశపు రాణి వెండి విగ్రహమును, దాని కాభరణములను, పూజాదులకు భూమిని నిచ్చెను. ఆ విగ్రహమే భోగశ్రీనివాసమూర్తియని నేఁటికిని బూజలందుచున్నది. కాని నే నిప్పుడు చెప్పఁబోవు పద్ధతి విరివిగఁ గనఁబడునది పదునైదవ, పదునాఱవ శతాబ్దులలోఁ, దక్కినవాని కన్న సాళువ నరసింహుని కాలము మొదలు సదాశివరాయల కాలము వఱకుఁ గల శాసనములలో.

పద్ధతి యిట్టిది. దాత శ్రీభండారమునకు నింత నర్పణమని రొక్కము చెల్లించును. నర్పణ మనఁగా నాఁటి నాణెము. పుచ్చుకొనువారు స్థానత్తారులు, అనఁగా దేవాలయపు వ్యవహారములను నడపు సభవారు. శాసనము వీరి మాటగనే నడచును: మీరు చెల్లించిన యింత ద్రవ్యమును దేవునికిఁ జెందిన తిరువిడైయాట్టపు గ్రామములలోఁ జెఱువులకును, కాలువలకును వెచ్చించి, యందు వలన నెక్కుడుగఁ బండిన పంటనుండి యీ నైవేద్యమును మేము జరపెదమని వారు వ్రాసియిత్తురు. వెనువెంటనే భండారమునుండి యీయవలసిన సంబారముల పట్టిక వచ్చును. బియ్యమింత, నేయి యింత, పెసలింత, ఉప్పు, మిరియాలు, కూరలు, పెరుఁగు, వక్కలు, తమలపాకులు, చందనము. తిరుప్పోనకమనఁబడు నన్నపుఁ దళిగలే గాక యప్పములు, అతిరసములు, వడలు, సుఖియములు మొదలగు పిండివంటలును గొన్నింట నుండును. ఏ యుత్సవమున, ఏ మండపమున, ఎన్నవ దినమున నారగింపు జరుగవలయునో యది కూడఁ జెప్పఁబడును. వంటయింటి లెక్క యింత నిక్కముగ ఱాతికెక్కిన చోటు దక్షిణదేశమున నరుదు.

అట్లు నివేదితమైన ప్రసాదమును బంచు క్రమము తరువాత వచ్చును. అందు నాలవ పాలు దాతది. మిగిలిన మూఁడు పాళ్లును స్థానత్తారులు, కైంకర్యపరులు మొదలగువారికి వాడుక చొప్పునఁ జెందును. ఇదియంతయు సూర్యచంద్రులున్నంతకాలము జరుగవలెనని చెప్పి, శ్రీవైష్ణవుల యనుమతిచేఁ గోవెల కణక్కుపిళ్ల తిరునిన్ఱవూరుడైయాన్ వ్రాసినదని ముగింతురు. చివర శ్రీవైష్ణవరక్ష యుండును.

ఈ యేర్పాటున ధనము పోయిన త్రోవను బండితులు గమనింపవలెను. ఇచ్చిన రొక్కము పెట్టెలోఁ బడి యుండలేదు. అది నీరైనది. గట్టు తెగిన చెఱువునకుఁ గట్టయినది, పూడిన కాలువకుఁ ద్రోవయైనది. పొలము పండినప్పుడు రైతునకుఁ గొంతయు, దేవునకుఁ గొంతయుఁ జేరినది. దేవునకుఁ జేరినది నైవేద్యమైనది. నైవేద్యమున నాలవవంతు మాత్రము దాతను వెదకికొనుచు వచ్చినది. నైవేద్యము నిత్యము జరుగవలెననియే వ్రాఁత యుండుటచే, వానలు గురియని యేఁట నష్టము భండారముపైననే పడెడిదని యూహింపవచ్చును. దాతకుఁ జెఱువుతోఁ బనిలేదు, తళిగతోనే పని. బర్టన్ స్టైన్ అను చరిత్రకారుఁడు 1960లోఁ బ్రకటించిన వ్యాసమున నీ శాసనములనే యాధారముగఁ గొని, దేవాలయము మధ్యయుగమునఁ బల్లెల వ్యవసాయాభివృద్ధికి మూలధనము సమకూర్చు సంస్థగ నుండెనని నిరూపించెను. ఆయన చూపు సేద్యముపై నుండెను. నా చూపు మాటపై నున్నది.

దాత పాలునకు శాసనములలోఁ గల పేరు విట్టవన్ విళుక్కాడు. విళుక్కాడనఁగా వంతు, పాలు. నేఁటి యరవమున నూటికింత యని చెప్పుటకు నీ పదమునే వాడుచున్నారు. విట్టవన్ అనునది విడు ధాతువుపై భూతార్థకృదంతమునకుఁ బురుషవాచకము చేర్చినది. విడిచినవాఁడని యర్థము. మన విడు, విడుచు ధాతువులును నిదియు నొక్కటే. కావున మొత్తమునకు, విడిచినవాని వంతు.

ఇచ్చినవాఁడని గాక విడిచినవాఁడనుట యాదృచ్ఛికమని కొందఱనవచ్చును. వాడుకలోని మాటకు మీమాంస యేల యందురు. నాకట్లు తోఁపదు. యాగము, హోమము, దానము నను మూఁటికిని సామాన్యమైనది త్యాగము, అనఁగా నాది గాదని విడుచుట. దానమున నా త్యాగమునకుఁ దోడు మఱియొకటి కావలెను: విడిచిన వస్తువు పుచ్చుకొనువాని సొత్తు కావలెను. అతఁడు స్వీకరింపవలెను. దేవతకు నీ స్వీకారము లేదని శబరస్వామి దేవతాధికరణమున నిష్కర్షగఁ జెప్పెను. దేవుని యూరు, దేవుని పొలము నను వ్యవహారము లౌపచారికములని యతని మతము. ఏలయన దేవుఁడా పొలమును దన యిచ్చవచ్చిన ట్లుపయోగించుట మన మెఱుఁగము. ఆంగ్లన్యాయస్థానములు వచ్చి దేవుఁడును సొత్తు గల వ్యక్తియే యని తీర్పులు చెప్పినవి గాని, మీమాంసకుల మాట యది కాదు. ఆ దృష్టిచేఁ జూచినచో దేవునకు దానము చేయుట యసంభవము. దేవు నుద్దేశించి విడుచుట మాత్రమే సంభవము. శాసనమువ్రాసిన కణక్కుపిళ్ల మీమాంస చదివెనో లేదో కాని, యతఁడు వాడిన ధాతువు మీమాంసకుఁడు మెచ్చునది.

విడుచుటకును ఇచ్చుటకును గల భేదము ధర్మశాస్త్రనిబంధములలో మఱియొకచోటఁ బ్రయోజనకరమైనది. తటాకోత్సర్గము చేసిన వాఁడా చెఱువున స్నానము చేయవచ్చునా యని విచారించి, చేయవచ్చునని నిర్ణయించిరి. గోవు నిచ్చినవాఁ డా గోవు పాలు త్రాగరాదు. ఏలయన నది యిప్పు డన్యుని సొత్తు. చెఱువు నట్లు గాదు. అది సర్వభూతములకై విడువఁబడినది. విడిచినవాఁడును నా భూతములలో నొకఁడే. తిరుమలలో దాత రొక్కము నిక్కముగఁ జెఱువులకే పోయెనని పైనఁ జెప్పితిని. ఈ పొత్తు నాకు మిక్కిలి యింపుగ నున్నది. ఐనను దీనితోఁ దగవు తీరలేదని యొప్పుకొనవలెను. చెఱువున మునుఁగు దాత పదుగురిలో నొకఁడుగ మునుఁగును. ప్రసాదమున నాలవ పాలు కొను దాత పదుగురిలో నొకఁడు గాఁడు. తన పేరిట వ్రాయఁబడిన పాలు తాను గొనుచున్నాఁడు.

ఇచట శాస్త్రము కఠినముగనే యున్నది. ప్రత్యుపకారము గోరి యిచ్చినది రాజసదానమని గీత పదునేడవ యధ్యాయము చెప్పుచున్నది. నారదస్మృతి యింకను ముందునకుఁ బోయినది. దత్తాప్రదానికమను వ్యవహారపదమున, ఇచ్చినను ఈయనట్టివి పదునాఱని లెక్కించుచు, వీఁడు నా పని చేయునని ప్రతిలాభము గోరి యిచ్చినదానిని నందుఁ జేర్చెను. పని జరుగకున్నచో నట్టిది మరలఁ బుచ్చుకొనఁదగినదని తాత్పర్యము. ఇది నిందగఁ జదువువారు కలరు. నేను నిందగఁ జదువను. నారదుఁడు ధర్మోపన్యాసము చేయుటలేదు, వ్యవహారము చెప్పుచున్నాఁడు. ప్రతిలాభము గోరి యిచ్చినవానికి నా ప్రతిలాభము దక్కనిచో దిక్కేదని యతని చింత. ఆ స్మృతియే ధర్మ్యముగ నీయఁబడిన వానిని లెక్కించు చోటఁ గొన్న వస్తువు వెలను, కూలిని, ప్రత్యుపకారమును గూడఁ జేర్చుట చూడఁగా, తిరిగిరాఁబోవు దానితో నిచ్చుట పాపమని యతఁడు తలఁపలేదని స్పష్టము.

తిరిగి వచ్చిన పాలు దాతలు చేసినదేమి? సొంతముగ భుజించిరనుకొనుట పొరపాటు. సాళువ నరసింహుఁడు తిరుపతిలో రామానుజకూటము నేర్పఱచి, కందాడై రామానుజయ్యంగారిని దాని కధికారిగ నుంచెను. తన దాతృభాగము నా కూటమున శ్రీవైష్ణవుల భోజనమునకు వినియోగింపఁజేసెను. ఇట్లు విడిచిన ద్రవ్యమున దేవునకు నైవేద్యమును, ఆ నైవేద్యపుఁ బాలితో బాటసారికిఁ దిండియు, రెండును సాగినవి. పాలు నిలుపుకొనుట లోభమే యైనచో నీ రెండవ ధర్మ మేమూలమునఁ బుట్టును? తాళ్లపాక యన్నమాచార్యుల కుమారుఁడు పెదతిరుమలాచార్యులు, శాసనములలోఁ దాళ్లపాకం తిరుమలయ్యంగారని పేర్కొనఁబడువాఁడు, అచ్యుతరాయల కాలమునను బిమ్మటను గ్రామములును ద్రవ్యమును సమర్పించి పెక్కు నైవేద్యముల నేర్పఱచెను. సంకీర్తనములు రాగిఱేకుల కెక్కించిన వంశమే వంటయింటి కొలఁతలను ఱాళ్ల కెక్కించినది. పదకవిత్వమును జదువువారు మొదటి దానిని మాత్రమే చూతురు. ఆ కుటుంబము తిరుమలలోఁ దరతరములు నిలిచి స్వామికిఁ గైంకర్యము చేయుటకు రెండవది గూడఁ దోడ్పడెనని నా నమ్మకము.

కొందఱు తమ పాలును మఠములకుఁ గాని, తా మెన్నుకొనిన వ్యక్తులకుఁ గాని మాఱ్చియిచ్చిరి. కొన్ని పాళ్లు చేతులు మాఱి యాత్రికులకు నమ్ముడు పోవుటయుఁ గలదు. ఇక్కడ మాత్రము నాకుఁ గొంత మనసు చివుక్కుమనును. తినుటకైన పాలు వేఱు, అమ్ముటకైన పాలు వేఱు.

ఇంక వ్యాకరణమునకు వత్తును. చాకలి యుదాహరణమునఁ దిరిగివచ్చునది యిచ్చిన బట్టయే. తిరుమలలోఁ దిరిగివచ్చునది యిచ్చిన నర్పణము గాదు. కావున నా యుదాహరణ మిక్కడ సరిపడదు. వినిమయమున కుదాహరణము వేఱుగఁ గలదు. ప్రతిదానార్థమున వృత్తికారులు చూపు ప్రయోగమున నొకఁడు నువ్వులకు బదులు మినుము లిచ్చుచున్నాఁడు. అందు నువ్వులకుఁ బంచమి వచ్చినది. పుచ్చుకొనువానికో? చతుర్థియే! బదులుకు నిచ్చినను బుచ్చుకొనువాఁడు సంప్రదానమే యయ్యెను. దీనిఁబట్టి, ప్రతిఫలమున్న మాత్రమున సంప్రదానత్వము పోదని చెప్పనగును. భాష్యకారుఁడు గురువు శిష్యునకుఁ జెంపపెట్టు నిచ్చుటను జెప్పుచుఁ జతుర్థినే వాడెనని చూపి, సొత్తు మాఱుట కూడ నావశ్యకము గాదని నవీనులు సాధించిరి. చెంపపెట్టుపై స్వత్వ మెవరికిఁ గావలెను!

కాఁగా నసలు ప్రశ్న, ప్రసాదభాగ మిచటఁ బంచమి తావున నున్నదా? నువ్వులకై మినుముల నిచ్చినట్లు, ప్రసాదమునకై నర్పణము నిచ్చెనా? శాసనములు నే చూచినంతవఱకట్లు చెప్పవు. ద్రవ్యము నైవేద్యమునకై చెల్లింపఁబడినది. నైవేద్యమునందలి యొక యంశము విడిచినవానిది. విట్టవన్ విళుక్కాడు షష్ఠీతత్పురుషము. విడిచినవాని యొక్క వంతే కాని, విడిచినందులకు వెల కాదు. అతఁడు మూఁడు పాళ్లు విడిచెను. నాలవది విడువకయే నిలుపుకొనెను. ఆ మూఁటియెడ నతఁడు నిష్కళంకమైన దాత. నాలవదానియెడ దాత యను మాటయే యతనికిఁ జెందదు. అక్కడ నతఁడు హక్కుదారుఁడు. ఈ రెంటిని గలిపి యొక్క మాటలోఁ జెప్పఁబోయిన వాఁడే దానమా బేరమా యని తికమకపడును.

ఈ విభాగము మన దేశమునకే పరిమితము గాదని చూపుటకు రెండు విదేశోదాహరణములు చాలును. ఇంగ్లండునఁ బదమూఁడు, పదునాలుగవ శతాబ్దులలోఁ గ్రైస్తవమఠములకు భూమి నో రొక్కము నో యిచ్చి, బదులుగ జీవించినంతకాలము మఠపు వంటయింటినుండి దినమున కిన్ని రొట్టెలు, ఇంత మద్యము, ఒక కూర పుచ్చుకొను నేర్పాటు లుండెను. దానిని కొరొడీ యనిరి. ముసలితనమున దిక్కులేనివారికి నది గొప్ప యండ. కాని రొక్కమున కాశపడిన మఠాధిపతులు చాల కొరొడీల నమ్ముటయు, కొన్నవారు చిరకాలము బ్రతుకుటయు, మఠము లప్పుల పాలగుటయు జరుగఁగా, బిషప్పులు తమ యనుమతి లేక యమ్మరాదని కట్టడులు చేసిరి. 1536 మొదలు 1540 లోపల ఎనిమిదవ హెన్రీ మఠముల నెల్ల నెత్తివేసెను. చిత్రమేమన, మఠముల సొత్తును గైకొనుటకై 1536లో నేర్పడిన కచ్చేరియే యా కొరొడీల బాధ్యతను గూడ వహించి పెక్కింటికి రొక్కము చెల్లించెను. దేవుని సొత్తు హరించిన రాజు సైతము, విడిచినవాని పాలును హరించుటకు వెనుదీసెను.

అమెరికాలోఁ జిత్రకారుఁడు జాన్ ట్రంబుల్ 1831లోఁ దన చిత్రములను యేల్ కళాశాలకిచ్చి, జీవితాంతమువఱకు నేఁటికి వేయి డాలరులు పుచ్చుకొనుట కొడఁబడికె చేసికొనెను. అప్పటి కతనికి డెబ్బదియైదేండ్లు. చేత ధనము లేదు. చిత్రప్రదర్శనముచే వచ్చు నాదాయము తన యనంతరము బీదవిద్యార్థుల చదువునకుఁ జెందవలెనని కూడ నతఁడు వ్రాయించెను. 1832లోఁ జిత్రశాల తెఱవఁబడినది. 1843లో నతఁడు గతించెను. అదే యేఁట నమెరికా బైబిల్ సంఘము బోస్టను నగరవర్తకుఁడొకఁడిచ్చిన ద్రవ్యమునకు బదులుగ నిట్టి వర్షాశనము నేర్పఱచినదందురు. అదే 1843లోఁ దిరుమలలో దేవస్థానపాలనము కుంపిణీవారి చేతినుండి హాథీరాంజీ మఠపు మహంతుల చేతికి వచ్చుట యాదృచ్ఛికము గాని, నే నీ సంవత్సరములను గుర్తుంచుకొనుట కది యుపకరించినది. నేఁటి యమెరికా శాసనము ప్రకార మట్టి యర్పణమునఁ గొంత దానము, కొంత వర్షాశనపుఁ గొనుగోలు. దానమైన భాగమునకే పన్ను మినహాయింపు కలుగును. అక్కడి ధర్మసంస్థలకు వర్షాశనపు రేట్లు సూచించు సమితి, దాత మరణించునప్పటికి నిచ్చిన దానిలో సగమైన సంస్థకు మిగులునట్లు గణించును. తిరుమలలోఁ బాలు సంతతికిఁ గూడఁ జెందెడిది; ఇచటి వర్షాశనము జీవితముతోఁ దీఱును. లెక్క వేఱైనను విభాగము నొకటే.

ఈ విషయముపై నా కింత పట్టుదల యేల యని చదువరులకుఁ దోఁపవచ్చును. మా మేనత్త బాలవితంతువు. సంతానము లేదు. నేను కౌముది చదువుచున్న దినములలో నామె తన యెకరమున్నర మాగాణిని మాకు దాపుననే యున్న యొక దేవాలయమునకు వ్రాసియిచ్చెను. బ్రతికినంతకాలము రెండు పూఁటల ప్రసాదమును, ఏఁటికి రెండు చీరలును నిచ్చెదమని యప్పటి ధర్మకర్త చెప్పెను. పత్రము వ్రాయునాఁడు మా నాయన యా మాటను గూడ వ్రాయింపుఁ డనఁగా, దేవునితో బేర మేమిటి, దానమునకు మచ్చ వచ్చునని పెద్దలందఱు ననిరి. మేనత్తయు నదే మాటయనెను. పత్రమున దానమనియే పడినది. ఆఱేండ్లు సక్రమముగ జరిగినది. ధర్మకర్త మాఱెను. క్రొత్తవారు లెక్కలు చూచి, యీ తళిగ యే పద్దు క్రింద నని యడిగిరి. పద్దు లేదు. తళిగ నిలిచిపోయినది. నేను వకీలు నొద్దకుఁ బోఁగా, 1882వ సంవత్సరపు ఆస్తిబదలాయింపు చట్టమున 122వ సెక్షను చూపి, దాన మనఁగాఁ బ్రతిఫలము లేనిదే యని యర్థము, మీ పత్రమున దానమని యున్నది, ప్రతిఫలము కలదని మీరే చెప్పుచున్నారు, ఏది నిజమనవలెనని నన్నే ప్రశ్నించెను. వ్యాకరణము చదివినవాఁడను గదా. ఏ విభక్తితో బదులు చెప్పుదును?

ఆమె పిమ్మట మా యింటనే తొమ్మిదేండ్లు బ్రతికెను. మాకు భారము గాలేదు. కాని పండుగనాఁ డా గుడి గంట వినఁబడినపుడు విస్తరిముందు కొంతసే పూరక కూర్చుండెడిది. నే నడిగినపుడు, నా పొలపు బియ్యపు వాసన వచ్చుచున్నదిరా యని యొకపరి యనినది.

తిరుమలశాసనములను జదువునప్పుడెల్ల నా కామె జ్ఞప్తికి వచ్చుటయు, దాత పాలును జెక్కించినవారిపై గౌరవము గలుగుటయు నందుచేతనే. ఆ దాతలలో రాజులు కలరు, రాజోద్యోగులు కలరు, ఆచార్యపురుషులు కలరు, వర్తకులు కలరు, దేవదాసీలును గలరు. వీరిలో నొక్కరును దేవునితో బేరమేమిటి యని తలవంచుకొనలేదు. ఏలయన వారు బేరమాడినది దేవునితోఁ గాదు. శాసనమున మాట యిచ్చువారు స్థానత్తారులు. మాట తప్పఁగలవారును స్థానత్తారులే. దేవునకు విడిచినది వేఱు, మనుష్యులు తమ కీయవలసినది వేఱు. ఈ రెండవదానికిఁ గణక్కుపిళ్ల వ్రాలు, శ్రీవైష్ణవుల యనుమతి, ఱాతిగోడ కావలసివచ్చినవి. మా మేనత్త పత్రమున మొదటిది మాత్రమే యుండెను.

ఈ శాసనములలోని ప్రసాదనామములును, కొలపాత్రల పేర్లును దెలుఁగువాడుకతోఁ బోల్చి యొక పట్టిక సిద్ధము చేయుచున్నాను. తళిగ, పడి, నాళి మున్నగు పదములకుఁ జిత్తూరుమండలపు వంటశాలలలో నేఁటికిని గల వ్యవహారము నెఱిఁగిన పండితులు తెలియఁజేసినచోఁ గృతజ్ఞుఁడను.